గేమింగ్ పీసీ కొనేముందు: కౌంటర్ దగ్గర రోజూ వినే అపోహలు

మొన్న సూర్యాపేట నుంచి ఒక పెద్దాయన ఇంటర్ చదివే కొడుకుని వెంటబెట్టుకుని వచ్చారు. చేతిలో ఇంకెక్కడో రాయించుకున్న కొటేషన్ కాగితం ఉంది. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ గ్రాఫిక్స్ కార్డ్, గేమింగ్ క్యాబినెట్, 450 వాట్స్ ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పవర్ సప్లై డబ్బా). "ఐ7 అన్నరు గదా తమ్మీ, ఇంకేం చూడాలె?" అని అడిగారు.

సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ మార్కెట్ సీటీసీలో పద్నాలుగేళ్లుగా పీసీలు బిగిస్తున్నాను. ఆ కాగితంలో అబద్ధం ఒక్కటీ లేదు. కానీ ఏ వస్తువుకీ పూర్తి పేరు లేదు. మన ఇళ్లల్లో డబ్బు పోయేది అక్కడే.

అపోహ: ఐ7 అంటే ఐ3 కంటే ఎప్పుడూ గొప్పది

ఐ3, ఐ7 అనేవి ఇంటెల్ ప్రాసెసర్ల వరుసల పేర్లు. ఐ7 పక్కన ఉండే నంబర్ చూడాలి. ఆరా తీస్తే ఆ కాగితంలోది ఐ7 2600 అని తేలింది. అది 2011లో వచ్చిన ప్రాసెసర్. నాలుగు కోర్లు (లోపల పని చేసే యూనిట్లు), ఎనిమిది థ్రెడ్లు (ఒకేసారి నడిపే పనులు). 2022లో వచ్చిన ఐ3 12100కీ సరిగ్గా అన్నే కోర్లు, అన్నే థ్రెడ్లు. కానీ ఒక్కో కోరు చేసే పనిలో పదేళ్ల తేడా ఉంది, ఆటలో ఆ ఐ3దే పైచేయి.

అంతకంటే పెద్ద చిక్కు విండోస్‌ది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి ఇంటెల్‌లో దాదాపు ఎనిమిదో తరం నుంచే అనుమతి, ఐ7 2600 రెండో తరంది. దానికి తోడు టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి. పాత మదర్‌బోర్డు మీద ఏదో దారిలో విండోస్ 11 ఎక్కించినా, వాలరెంట్ ఆట టీపీఎం, సెక్యూర్ బూట్ (పీసీ ఆన్ అయ్యేటప్పుడు జరిగే భద్రతా తనిఖీ) రెండూ లేకపోతే మొదలే కాదు. ఆ పిల్లాడు ఆడాలనుకున్నది అదే ఆట.

అపోహ: ఎక్కువ జీబీ ఉంటే మంచి గ్రాఫిక్స్ కార్డ్

జీబీ అంటే గోదాము సైజు. లోపల పని చేసే మనుషులు ఎందరు, సరుకు వచ్చే రోడ్డు ఎంత వెడల్పు అన్నవి వేరే లెక్కలు. కాగితంలో ఉన్న '4 జీబీ కార్డ్' కూడా ఆరా తీస్తే పాత రకం డీడీఆర్3 మెమరీతో వచ్చే జీటీ 730 అని తేలింది. దాని మెమరీ సెకనుకు 30 జీబీ డేటా కూడా అందించలేదు. అదే 4 జీబీ ఉన్న జీటీఎక్స్ 1650 జీడీడీఆర్5 కార్డ్ 128 జీబీ అందిస్తుంది.

పేరు మొత్తం ఒకటే అయినా మోసపోయే చోట్లు ఉన్నాయి. ఆర్‌టీఎక్స్ 3050 ఎనిమిది జీబీ కార్డులో 2560 కోర్లు, ఆరు జీబీ దాంట్లో 2304. మెమరీ బస్ (సరుకు వచ్చే ఆ రోడ్డు) కూడా 128 బిట్ నుంచి 96 బిట్‌కి తగ్గింది. రెండు జీబీల తేడానే కదా అనుకుంటారు, నిజానికది వేరే కార్డు. అలాగే చవగ్గా దొరికే ఆర్‌ఎక్స్ 580ల్లో చాలా వాటి పేరు చివర '2048ఎస్‌పీ' అని ఉంటుంది. ఆ అంకె షేడర్ల లెక్క, అంటే కార్డులోని కోర్లే. అసలు 580లో అవి 2304. జీపీయూ-జడ్ అనే ఉచిత ప్రోగ్రామ్ తెరిస్తే షేడర్ల లెక్క ఎదురుగా కనిపిస్తుంది. సెకండ్ హ్యాండ్ కార్డ్ కొనేవాళ్లు డబ్బు చేతిలో పెట్టేముందు ఆ ప్రోగ్రామ్ నడిపించి చూపించమని అడగండి. అడగడం మీ హక్కు, మొహమాటం వద్దు.

అపోహ: ఎస్‌ఎంపీఎస్ ఏదైనా ఒకటే, క్యాబినెట్‌తో ఫ్రీగా వచ్చింది చాలు

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. పోయిన ఎండాకాలం ఒక కుర్రాడు పీసీ మోసుకొచ్చాడు. "అన్నా, ఆట తెరిస్తే పది నిమిషాల్లో రీస్టార్ట్ అయితాంది. కార్డ్ పోయిందని చెప్తే కొత్త కార్డ్ కూడా కొన్న" అన్నాడు. కొత్త కార్డ్‌తోనూ అదే తంతు. క్యాబినెట్ పక్క డోర్ విప్పి ఎస్‌ఎంపీఎస్ లేబుల్ మీద టార్చ్ వేశాను. పైన పెద్దక్షరాల్లో 450 వాట్స్. కింద చిన్న పట్టికలో +12 వోల్ట్ గడిలో 18 ఆంపియర్లు. పన్నెండు పద్దెనిమిదులు 216. ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ కరెంటు వచ్చేది ఆ 12 వోల్ట్ లైన్ నుంచే. వాడి ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 వాట్లు తాగుతుంది, ఐ5 12400ఎఫ్ పూర్తి వేగంలో 117 వరకు వెళ్తుంది. రెండూ కలిస్తే 287. ఇక ఆగకుండా ఎలా ఉంటుంది?

ఎస్‌ఎంపీఎస్ మార్చాం, పీసీ బాగైంది. పాత కార్డ్ కూడా బాగానే ఉంది. నాలుగైదు వేల వస్తువు దగ్గర పొదుపు చేసి, అవసరం లేని రెండో కార్డ్ కొన్నాడు. ఆ కుర్రాడు రాత్రిపూట డెలివరీలు చేసి కూడబెట్టిన డబ్బు అది. ఈ పోస్ట్ రాయాలనుకున్నది ఆ రోజే.

అందుకే డబ్బా మీద వాట్లు కాదు, +12 వోల్ట్ గడి చదవండి. '80 ప్లస్' గుర్తు కరెంటు ఎంత వృథా కాకుండా వాడుతుందో చెప్తుంది. లోపలి భాగాల నాణ్యతకు అది పూచీ కాదు. వారంటీ ఐదేళ్లు, ఆపైన ఇచ్చే మోడల్‌కి నేను మొగ్గుతాను.

యూపీఎస్‌కీ ఇదే లెక్క. 600 వీఏ అని రాసిన మామూలు యూపీఎస్ ఇచ్చేది 360 వాట్ల చుట్టూనే. ఆట మధ్యలో కరెంటు పోతే సేవ్ చేసి ఆపుకోవడానికే తప్ప, ఆడుతూ కూర్చోవడానికి కాదు.

అపోహ: క్యాబినెట్ ముట్టుకుంటే షాక్ కొడుతోందంటే ఎస్‌ఎంపీఎస్ పాడైనట్టే

చాలాసార్లు పాడైంది ఇంటి ఎర్తింగ్. ఎస్‌ఎంపీఎస్‌లో కరెంటులోని నాయిస్ తగ్గించే చిన్న కెపాసిటర్లు ఫేజ్ నుంచి ఒకటి, న్యూట్రల్ నుంచి ఒకటి బాడీకి కలిసి ఉంటాయి. ఎర్త్ ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ భూమిలోకి పోతుంది. లేకపోతే సగం వోల్టేజ్, అంటే 115 దాకా, క్యాబినెట్ మీదే నిలుస్తుంది. స్క్రూకి టెస్టర్ పెడితే ఎర్రగా వెలుగుతుంది. పాత ఇళ్లల్లో సాకెట్‌కి మూడో రంధ్రం ఉంటుంది గానీ వెనక వైరే ఉండదు. ఎలక్ట్రీషియన్ చేత మీటర్ పెట్టించి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజ్ చూపించుకోండి. అది రెండు మూడు వోల్టుల లోపు ఉండాలి. రంగు లైట్ల ఫ్యాన్లు కొనే డబ్బుతో ముందు ఈ పని చేయించండి. పిల్లలు వట్టికాళ్లతో ఆ పీసీ ముందు కూర్చుంటారు.

చిన్నవే, కానీ రోజూ చూసేవి

ర్యామ్ 16 జీబీ ఒకే స్టిక్ కాకుండా ఎనిమిదేసి జీబీలవి రెండు తీసుకోండి. రైజెన్ 5 5600జీ లాంటి, విడిగా కార్డ్ లేని పీసీల్లో ఆ తేడా ఆటలో కళ్లకే తెలుస్తుంది. నాలుగు స్లాట్ల బోర్డులో సాధారణంగా ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్‌లో పెట్టాలి. 3200 వేగం అని కొన్నది బయాస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ అనే ఆప్షన్ ఆన్ చేసేదాకా చాలాసార్లు తక్కువ వేగంలోనే నడుస్తుంది.

144 హెర్ట్జ్ (సెకనుకు 144 సార్లు బొమ్మ మార్చే) మానిటర్ కొని ఏడాదిగా 60లో ఆడుతున్నవాళ్లని ఎందరినో చూశాను. విండోస్ డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో మార్చాలి. మానిటర్ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకి పెట్టాలి.

రైజెన్ 7000 ప్రాసెసర్లలో చాలావరకు 95 డిగ్రీల వరకు వెళ్లేలాగే ఏఎండీ తయారు చేసింది. ఆ అంకె చూసి హడలిపోయి వాటర్ కూలర్ కొననక్కర్లేదు.

మైనింగ్‌లో (క్రిప్టో నాణేలు సంపాదించే పనిలో) వాడిన కార్డ్ అంటే చచ్చిన కార్డ్ అనీ కాదు. 2022 సెప్టెంబర్ 15న ఈథీరియం అనే క్రిప్టో నాణెం పద్ధతి మారి గ్రాఫిక్స్ కార్డుల అవసరం పోయాక అవి మార్కెట్లోకి గుట్టలుగా వచ్చాయి, ఇప్పటికీ బాగా నడుస్తున్నవి ఉన్నాయి. ముందుగా అరిగేవి ఫ్యాన్లు, థర్మల్ ప్యాడ్లు (చిప్‌ల వేడిని బయటికి చేర్చే మెత్తటి ముక్కలు). ఇరవై నిమిషాలు బరువైన ఆట నడిపి, ఫ్యాన్ శబ్దం విని, మెమరీ వేడి చూసి కొనండి.

అపోహ: అమెరికా నుంచి అన్నయ్యతో తెప్పిస్తే చవక

డాలస్ ధర చూసి సంబరపడతాం. దాని మీద 8.25 శాతం సేల్స్ ట్యాక్స్ పడుతుంది. ఇక్కడి ధరలో 18 శాతం జీఎస్టీ కలిపే చెప్తారు. చాలా కంపెనీల కార్డులకు వారంటీ కొన్న దేశంలోనే. తేడా నాలుగైదు వేలే అయితే నేను ఇక్కడే కొనమంటాను.

సూర్యాపేట పెద్దాయనకి కొటేషన్ మళ్లీ రాశాం. ఐ3 12100ఎఫ్, ఎనిమిది జీబీల 3050, లైట్లు లేని మామూలు క్యాబినెట్, 550 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్. పాత కాగితం కంటే ఖర్చు పెరిగింది, అందుకని మానిటర్ మూడు నెలల తర్వాత కొంటామని, అప్పటిదాకా ఇంట్లో టీవీకి పెడతామని పిల్లాడే అన్నాడు. బిల్లు మీద 'కంప్యూటర్ సెట్ 1' అని రాస్తే రేపు వారంటీకి ఏ సర్వీస్ సెంటరూ ఒప్పుకోదని చెప్పాను. డబ్బాల మీది సీరియల్ నంబర్లు వాడు ఒక్కొక్కటీ చదువుతుంటే, ఆయన బిల్లు మీద వేలు పెట్టి అంకె అంకె సరిచూసుకున్నారు.