పూలకు రంగు వేయలేదు, వదిలేశారు

జపాన్ చిత్రకారుడు హిరోషిగె 1857లో వేసిన కమేయిదో (ఇప్పటి టోక్యోలో ఒక చోటు) తోట బొమ్మ చూడగానే ఒక చెట్టు కొమ్మ కళ్లకు అడ్డం పడుతుంది. అది ఉమె చెట్టు, ప్లమ్ జాతి. మరీ దగ్గరగా ఉండడంతో పైభాగం, మొదలు రెండూ బొమ్మలోకి రాలేదు. కొమ్మల సందుల్లోంచి చూస్తే, దూరంగా పూలు చూడ్డానికొచ్చిన జనం బుల్లిబుల్లిగా కనిపిస్తారు. కింద పచ్చటి నేల, పైన ఎర్రటి ఆకాశం, కొమ్మల మీద తెల్లపూలు.

నాకు ఆ తెలుపే వింత. అది రంగు కాదు, ఉత్త కాగితం.

ఇది చెక్క అచ్చుల పని. ఒక్కో రంగుకు ఒక్కో దిమ్మె. ఎరుపు దిమ్మె మీద పువ్వు రావాల్సిన ప్రతి చోటా చెక్కను తవ్వి పల్లం చేయాలి. పల్లానికి రంగు అంటదు కాబట్టి అక్కడ కాగితం తెల్లగా మిగులుతుంది. దిమ్మెలకు వాడేది కొండ చెర్రీ కలప. గట్టిది, పోగు ఒకే తీరుగా ఉంటుంది, సన్న గీతలు కూడా త్వరగా అరగవు. ఉమె పూలు చెర్రీ చెక్కలోంచి వచ్చాయన్నమాట!

అసలు టెన్షన్ అచ్చు వేసేటప్పుడు. ఎరుపు వెంట్రుకవాసి జరిగినా రేకుల్లోకి వచ్చేస్తుంది. పెళ్లిపత్రికల మీద వినాయకుడి రంగు గీత దాటి పోవడం చూశాం కదా, అలాగే. అందుకే ప్రతి దిమ్మెకూ ఒక మూలన, ఒక అంచున గాట్లు పెడతారు. వాటిని కెంతో అంటారు. కాగితాన్ని ప్రతిసారీ వాటికే ఆనిస్తారు. అయితే కాగితం తడిగా ఉంటేనే రంగు పీచులోకి ఇంకుతుంది. తడిసిన పీచు ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మధ్యలో తడి తగ్గితే కొలతే మారిపోతుంది, ఇక గాట్లు ఉండీ లాభం లేదు. అచ్చు వేసేవాడు రంగుతో పాటు తేమనూ కాచుకోవాలి.

ఆకాశంలో ఎరుపు కిందికి వచ్చేకొద్దీ పలచబడేదీ ఆ నీటి చలవే. దిమ్మెను తడిగుడ్డతో తుడిచి, ఒక అంచున మాత్రం రంగు పెట్టి కుంచెతో లాగుతారు. నీళ్లున్న వైపు రంగు తేలిపోతుంది. దీన్ని బొకాషి అంటారు. ప్రతి కాగితానికీ మళ్లీ కొత్తగా చేయాల్సిందే, అందుకే ఏ రెండు ప్రతులూ అచ్చం ఒకేలా ఉండవు.

1887లో పారిస్‌లో డచ్ చిత్రకారుడు వాన్ గో ఈ బొమ్మను చూసి నూనెరంగుల్లో వేశాడు. కాన్వాస్ మీద కాగితం తెలుపు ఎక్కడ దొరుకుతుంది? పూలన్నిటికీ రంగు పెట్టుకోవాల్సి వచ్చింది.