సెకండ్ హ్యాండ్ బండి, దొరకని జబ్బు: ఆటోనగర్‌లో రోజూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

విజయవాడ ఆటోనగర్‌లో నాది చిన్న షెడ్డు. డెంటింగ్, పెయింటింగ్, ఆయిల్ మార్చడం లాంటివి చెయ్యను. నాలుగు చోట్ల తిరిగి, జబ్బు దొరక్క, చివరికి "ఎలక్ట్రికల్ ఏమో చూపించండి" అని పంపించే బండ్లే నా దగ్గరికి ఎక్కువ వస్తాయి. పంతొమ్మిదేళ్లుగా ఇదే పని. వచ్చేవాళ్లలో చాలామంది సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లే, బండితో పాటు ఒక బిల్లుల కట్ట కూడా పట్టుకొస్తారు. ఆ కట్ట తిరగేస్తే బండికి ఏమైందో తెలియదు గానీ, ఇంతకు ముందు చూసినవాళ్లు ఏమేం ఊహించుకున్నారో మాత్రం వరసగా తెలుస్తుంది.

అపోహ: స్కానర్ పెడితే ఏ పార్టు పోయిందో అదే చెప్పేస్తుంది

జనం జేబులు ఎక్కువగా ఖాళీ చేసేది ఈ నమ్మకమే. స్కానర్‌లో కనబడే కోడ్ అంటే బండిలోని కంప్యూటర్, అంటే ఈసీఎం, రాసుకున్న ఫిర్యాదు. అందులో ఫిర్యాదు ఇచ్చినవాడి పేరుంటుంది, దొంగ పేరు ఉండదు.

పీ0171 అనే కోడ్ తీసుకోండి, పెట్రోలు బండ్లలో తరచూ వస్తుంది. దాని అర్థం మిశ్రమంలో గాలి ఎక్కువైంది, పెట్రోలు తక్కువైంది అని, అంతే. ఈ సంగతి కనిపెట్టి చెప్పింది ఆక్సిజన్ సెన్సర్ కాబట్టి వెంటనే ఆ సెన్సరే మార్చేస్తారు, అయిదారు వేలు పోతాయి, వారానికి లైటు మళ్లీ వెలుగుతుంది. పాపం ఆ సెన్సర్ నిజమే చెప్పింది కదా! చూడాల్సింది ఫ్యూయల్ ట్రిమ్. అంటే ఈసీఎం తన లెక్కకి మించి ఎంత పెట్రోలు అదనంగా పోస్తోందన్నది, అది స్కానర్‌లోనే శాతంగా కనిపిస్తుంది. అటూ ఇటూ పది లోపు ఉంటే కంగారు లేదు. ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజను ఊరికే తిరిగేటప్పుడు, ఇరవై దాటి, యాక్సిలరేటర్ తొక్కి 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టినప్పుడు అయిదుకో ఆరుకో దిగితే ఎక్కడో పైపు చిట్లి దొంగగాలి పీలుస్తోందని ముందు అనుమానించాలి. ఐడిల్‌లో బాగానే ఉండి, లోడు పడే కొద్దీ పెరుగుతుంటే పెట్రోలు సరిపడా రావడం లేదు, ఫిల్టరో పంపో చూడాలి, గాలి కొలిచే సెన్సర్‌కి మురికి పట్టినా ఇలాగే కనిపిస్తుంది. కోడ్ ఒకటే, దారులు మూడు. స్కానర్ అందరి దగ్గరా ఉంది, ఈ అంకెలు చూసే ఓపికే కరువు.

అపోహ: ఒక్కో పార్టు మార్చుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట దొరక్కపోదు

గుంటూరు వైపు నుంచి ఒక మాస్టారు వచ్చారు. 2014 మోడల్ డీజిల్ హ్యాచ్‌బ్యాక్, మూడు లక్షల నలభై వేలకి కొన్నారట. ఇంజను బాగా వేడెక్కాక నడిరోడ్డు మీద ఆగిపోతుంది, సెల్ఫ్ తిరుగుతుంది గానీ స్టార్ట్ అవ్వదు, అరగంట ఆగితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. అప్పటికే నాలుగు ఇంజెక్టర్లూ ఓవర్‌హాల్ అయ్యాయి, హై ప్రెషర్ పంపు పని అయింది, డీజిల్ ఫిల్టర్ రెండుసార్లు, ఇంజను తిరుగుతున్న సంగతి ఈసీఎంకి చెప్పే క్రాంక్ సెన్సర్ ఒకసారి. మొత్తం డెబ్భై ఒక్క వేలు. జబ్బు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

నేను చేసిందల్లా స్కానర్ తగిలించి, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని, కంకిపాడు వైపు ఎండలో తిప్పడం. గంటకి ఆగింది. ఆగగానే సెల్ఫ్ కొడుతూ స్కానర్ చూశాను. ఇంజను తిరుగుతోంది, చెవికి వినబడుతోంది, స్కానర్ మాత్రం ఆర్‌పీఎం సున్నా అంటోంది. అంటే క్రాంక్ సెన్సర్ సిగ్నల్ ఈసీఎం దాకా చేరడం లేదు. సెన్సర్ కొత్తదే మరి! వైరు వెంట చెయ్యి పెట్టి పోతే, ఒక బ్రాకెట్‌కి రాసుకుని రాసుకుని పైతొడుగు అరిగిపోయిన చోటు దొరికింది, వేడికి మెత్తబడి బాడీకి తగులుతోంది. జానెడు వైరు, ఒక స్లీవు. జబ్బు మొదటిసారి వచ్చిన రోజునే ఎవరైనా ఆగిపోయిన క్షణంలో స్కానర్ చూసి ఉంటే అక్కడే తేలిపోయేది. అందరూ బండి బాగున్నప్పుడు చూశారు, బాగున్న బండిలో జబ్బు ఎలా కనబడుతుంది?

పార్టులు మార్చుకుంటూ పోవడంలో ఇంకో చిక్కుంది, దీని గురించి ఎవరూ చెప్పరు. మార్చిన ప్రతి పార్టుతో ఒక కొత్త అనుమానం చేరుతుంది. వేసింది ఒరిజినలా, నకిలీయా? విప్పినప్పుడు కప్లర్, అంటే వైర్లు కలిపే ప్లగ్గు, దాని లాక్ విరిగిందా? ఇంజెక్టర్లు మార్చాక వాటి కోడ్ ఈసీఎంలో ఎక్కించారా? నాలుగో మెకానిక్ దగ్గరికి వచ్చేసరికి ఒక జబ్బు మూడవుతుంది. కాబట్టి ఎవరైనా "ఇది మార్చి చూద్దాం" అంటే ఒక్క మాట అడగండి: "అన్నా, ఇదే పోయిందని ఏం చూసి చెబుతున్నావు?" వోల్టేజో, ప్రెషరో, లీక్ టెస్టో, ఏదో ఒక కొలత చూపించాలి. ఇంజెక్టర్లకైతే ఒక్కొక్కటీ రిటర్న్ లైనులోకి ఎంత డీజిల్ వదులుతోందో సీసాలు కట్టి చూపించొచ్చు, పెద్ద పరికరం కూడా అక్కర్లేదు. "మా అనుభవం" అనేది కొలత కాదు, నాకున్నదీ కాదు.

అన్నట్టు, "ఊరికే చూడ్డానికే రెండు వేలా?" అని మొహం మీదే అడుగుతారు నన్ను. అవును, చూడ్డానికే. పై కథలో చూడకుండా చేసినదానికి డెబ్భై ఒక్క వేలయింది.

అపోహ: పొద్దున్నే బ్యాటరీ డౌన్ అంటే బ్యాటరీ పోయినట్టే

కొత్త బ్యాటరీ వేస్తారు, నెలకి అదీ పడుకుంటుంది. బండి ఆపి లాక్ చేశాక కూడా గడియారం, లాకింగ్, అలారం లాంటివాటికి కొంచెం కరెంటు పోతూనే ఉంటుంది, అది 50 మిల్లీ ఆంపియర్ల లోపు ఉంటే సహజం. అదే అర ఆంపియర్ పోతుంటే 45 ఏహెచ్ బ్యాటరీ రెండు రోజుల్లో సగానికి పైగా ఖాళీ. కొలిచేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, బండి ఆపిన అయిదు నిమిషాలకే మీటరు పెట్టి "అమ్మో రెండు ఆంపియర్లు" అనడం. బండిలోని చిన్న చిన్న కంప్యూటర్లు, అంటే మాడ్యూళ్లన్నీ నిద్రపోవడానికి ఇరవై నిమిషాలు, కొన్ని బండ్లలో నలభై కూడా పడుతుంది. డోరు తెరిచి ఉంచితే చాలా బండ్లలో నిద్రపోవు, అందుకే డోరు లాకుని స్క్రూడ్రైవర్‌తో మూసి, బండిని మోసం చేసి, టీ తాగొచ్చి అప్పుడు కొలుస్తాను. తర్వాత ఫ్యూజులు పీకకుండా వాటి రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు చూసుకుంటూ పోతే ఏ లైనులో కారుతోందో తేలుతుంది, ఫ్యూజు పీకి పెడితే నిద్రపోయిన మాడ్యూలు మళ్లీ లేచి కూర్చుంటుంది.

సెకండ్ హ్యాండ్ బండ్లలో దొంగ ఎక్కువగా కంపెనీ వైరింగ్ కాదు, పాత ఓనరు పెట్టించిన సామాను. స్టీరియో, కెమెరా, ఫ్లోర్ లైట్లు. ఒక బండిలో డ్యాష్‌బోర్డు వెనక నల్ల టేపు చుట్టిన జీపీఎస్ ట్రాకర్ దొరికింది, అంతకు ముందు ఆ బండి సెల్ఫ్ డ్రైవ్ అద్దెకి తిరిగేదట, కొన్నాయనకి ఆ సంగతి అప్పుడే తెలిసింది.

అపోహ: మన ఎండలకి థర్మోస్టాట్ వాల్వు అక్కర్లేదు, తీసేస్తే ఇంజను చల్లగా ఉంటుంది

ఇంజను వేడెక్కేదాకా నీళ్లని రేడియేటర్‌కి పోనివ్వకుండా ఆపేది ఈ వాల్వు. అది అక్కర్లేదని చెప్పేవాళ్లు మా ఆటోనగర్‌లోనే బోలెడుమంది, అందరూ నాకు తెలిసినవాళ్లే, అయినా చెబుతున్నాను: తప్పు. బయట 45 డిగ్రీల ఎండ ఉన్నా ఇంజను పనిచెయ్యాల్సింది 85 నుంచి 95 మధ్యలో. వాల్వు తీసేస్తే హైవే మీద ఇంజను ఆ వేడి ఎక్కదు, ఇంజను ఇంకా చల్లగానే ఉందనుకుని ఈసీఎం పెట్రోలు ఎక్కువ పోస్తుంది, మైలేజీ పడిపోతుంది, పీ0128 కోడ్ వస్తుంది. "మైలేజీ రావట్లేదు, పికప్ లేదు" అని వచ్చిన బండికి హౌసింగ్ విప్పితే లోపల వాల్వే ఉండదు. కొన్ని ఇంజన్లలో ఈ వాల్వు రెండో కొస బైపాస్ దారిని మూస్తుంది, తీసేస్తే సగం నీళ్లు రేడియేటర్‌కి పోకుండానే తిరిగొచ్చేస్తాయి, ట్రాఫిక్‌లో వేడి ఇంకా పెరుగుతుంది.

సెకండ్ హ్యాండ్ బండిలో ఎవరో వాల్వు తీసేశారంటే ఒకటి అర్థం చేసుకోండి, ఆ బండి ఎప్పుడో ఓవర్‌హీట్ అయ్యుండొచ్చు. అసలు కారణం హెడ్ గ్యాస్కెట్, అంటే ఇంజను బ్లాకుకీ పైనుండే హెడ్‌కీ మధ్య సీలు, అయ్యుండొచ్చు. అది తేల్చడానికి హెడ్ విప్పక్కర్లేదు. కూలెంట్ డబ్బా మూతి మీద గొట్టం పెట్టి, అందులో నీలం రంగు ద్రావకం పోసి, ఇంజను ఆన్ చేసి ఆ గాలి పీలిస్తే, సిలిండర్ గ్యాసు నీళ్లలోకి వస్తుంటే నీలం పసుపుగా మారుతుంది. పది నిమిషాల పని. నలభై వేల పనికి ముందు ఆ పది నిమిషాలు ఇవ్వండి.

అపోహ: చెక్ ఇంజన్ లైటు లేదు, బండి క్లీన్

లైటు రాత్రి చెరిపేసి పొద్దున్న బండి చూపించడం చాలా తేలిక. కానీ చెరిపిన సంగతి బండి మర్చిపోదు. వెయ్యి రూపాయల లోపు బ్లూటూత్ అడాప్టర్ కొని, స్టీరింగ్ కింద ఉన్న సాకెట్‌కి పెట్టి, ఫోన్ యాప్‌లో "కోడ్‌లు చెరిపాక తిరిగిన దూరం" అనే లైను చూడండి. బేరానికి వచ్చిన బండిలో అది ఆరు కిలోమీటర్లుంటే, నిన్న రాత్రి ఏం చెరిపారని అడగండి. బ్యాటరీ విప్పామంటారు. కావొచ్చు, చాలా బండ్లలో అలా కూడా చెరిగిపోతుంది. అప్పుడు రెండు రోజులు తిప్పనివ్వమని అడగండి, జవాబు బట్టి మీకే తెలుస్తుంది.

అపోహ: వరదలో మునిగిన బండి ఆరబెట్టి సర్వీస్ చేయిస్తే కొత్తదే

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు కార్లు పైకప్పుల దాకా మునిగాయి. ఆ బండ్లలో కొన్ని శుభ్రంగా తుడుచుకుని, సెంటు కొట్టుకుని, వేరే జిల్లాల్లో బేరానికి వచ్చాయి. వాటి జబ్బులు అప్పుడే రాలేదు, నెలల తర్వాత మొదలయ్యాయి. నీళ్లు కప్లర్లలో ఆగిపోవు, రాగి తీగల మధ్య నుంచి పైతొడుగు లోపలే పాకుతూ పోతాయి, అక్కడ పచ్చగా చిలుము పడుతుంది. ఎయిర్‌బ్యాగ్ మాడ్యూలు చాలా బండ్లలో గేర్ లివర్ దగ్గర నేలకి ఆనుకునే ఉంటుంది. ఇవాళ ఎయిర్‌బ్యాగ్ లైటు, రేపు పవర్ విండో, ఎల్లుండి స్టార్టింగ్, ఇలా ఒక్కోటీ బయటపడుతుంది, అన్నిటి వెనకా ఒకటే కారణం. నిజం చెప్పాలంటే ఇలాంటి బండికి నేను గ్యారంటీ ఇవ్వను, చాలాసార్లు చెయ్యనే చెయ్యను.

కొనేముందు సీట్ బెల్టు చివరిదాకా లాగి చూడండి, బురద చార ఉంటే అక్కడే ఉంటుంది. సీటు పట్టాల బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంటలో ఒండ్రు చూడండి. అమ్మేవాడి పాత ఇన్సూరెన్స్ పాలసీలో నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ పెట్టని ఏళ్లకి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, ఎంతుందో కూడా చూడండి, నాలుగేళ్లుగా ఒకే ఓనరు దగ్గరున్న బండికి అది సున్నా ఉంటే క్లెయిమ్ ఏమైనా పెట్టారా అని అడిగే హక్కు మీకుంది.

అపోహ: ఏమీ దొరక్కపోతే ఈసీఎం పోయినట్టే

ఇందులో నేనూ పడ్డాను. పదేళ్ల కిందట ఒక బండికి అన్నీ చూశాననుకుని "ఈసీఎం పోయింది బాబాయ్" అని చెప్పేశాను. ఆయన పాత ఈసీఎం ఒకటి ఎక్కడో సంపాదించుకొచ్చారు, పద్దెనిమిది వేలు. అదీ పనిచెయ్యలేదు. ఇంజను నుంచి బాడీకి పోయే ఎర్త్ పట్టీ బోల్టు కింద తుప్పు. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ మైనస్‌కీ ఇంజనుకీ మధ్య వోల్టేజ్ చూసి ఉంటే ఒక నిమిషంలో తెలిసేది, అర వోల్టు దాటకూడదు, అక్కడ రెండున్నర ఉంది. ఆ డబ్బులు నేనే కట్టాను. అప్పటి నుంచి ఎర్త్‌లూ, పవర్ సప్లై చూడకుండా ఈసీఎం అనే మాట నోట రానివ్వను.

అపోహ: షోరూములోనే కచ్చితంగా దొరుకుతుంది / షోరూముకి అసలు పోకూడదు

రెండూ తప్పే. సాఫ్ట్‌వేర్ అప్‌డేటు, కొత్త తాళం కోడింగ్, ఛాసిస్ నంబరు మీద రీకాల్ ఉందో లేదో చూడటం, వీటికి అక్కడికే వెళ్లండి, రీకాల్ పని ఎన్నో ఓనరైనా ఉచితమే. అరిగిన వైరు కోసం రెండు రోజులు వెతికే పనికి అక్కడ టైము ఇవ్వరు.

అపోహ: మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే జబ్బు రాదు, ఇక చేసేదేం లేదు

బండి నన్ను చూసి బుద్ధిమంతురాలు అయిపోతుందని నవ్వుతారు. చేసేది ఉంది, అది మీ చేతుల్లోనే ఉంది. వచ్చినప్పుడల్లా ఫోన్లో వీడియో తియ్యండి, మీటర్ల మీద లైట్లన్నీ కనబడేలా, పక్కవాళ్ల చేత తీయించండి, నడుపుతూ మీరు తియ్యొద్దు. టైము, ఇంజను వేడి, ఏసీ ఉందా లేదా, ట్యాంకులో ఎంతుంది, వాన పడిందా, ఇవి రాసుకోండి.

ఒక బ్యాంకు మేడమ్ ఇలాగే చిన్న నోట్‌బుక్ పెట్టుకున్నారు. పెట్రోలు బండి, నడుస్తూ నడుస్తూ గుటకలు వేస్తుంది, మూడు షెడ్లు తిరిగినా ఎవరి దగ్గరా వెయ్యలేదు. నోట్‌బుక్‌లో పదకొండుసార్లు రాసుంది. పదకొండుసార్లూ పెట్రోలు పావు ట్యాంకు కంటే తక్కువ, తొమ్మిదిసార్లు కుడివైపు మలుపు. బానెట్ కూడా ఎత్తకుండా వెనక సీటు ఎత్తి ట్యాంకు మూత విప్పాను. పంపు కూర్చునే ప్లాస్టిక్ గిన్నెలోకి పెట్రోలు నింపే సన్నటి జెట్ చెత్తతో పూడుకుపోయింది, అందుకే ట్యాంకులో తక్కువున్నప్పుడు మలుపులో పెట్రోలు పక్కకి ఒరిగితే పంపుకి అందేది కాదు.