మార్కెటింగ్ ఇంటర్వ్యూలో డేటా ప్రశ్నలు: అపోహలు - వాస్తవాలు

మార్కెటింగ్ ఉద్యోగాలకు వచ్చే అభ్యర్థులను చాలాకాలంగా ఇంటర్వ్యూ చేస్తున్నాను. "ఏదైనా ఒక క్యాంపెయిన్‌లో డేటాను ఎలా వాడారో చెప్పండి" అన్న ప్రశ్నకు తడబడేవారిలో ఎక్కువమంది పని తెలియనివారు కారు. అంకెలను చూసి మీరు ఏ నిర్ణయం మార్చుకున్నారన్నదే ఆ ప్రశ్నకు అర్థమని తెలియక, వారు అంకెలను మాత్రమే అప్పజెబుతారు.

అపోహ: శాతం ఎంత పెద్దదైతే జవాబుకు అంత బలం.

వాస్తవం: "ల్యాండింగ్ పేజీ (ప్రకటన నొక్కితే తెరుచుకునే పేజీ) మార్చి కొనుగోళ్లను 50 శాతం పెంచాను" అని ఒక అభ్యర్థి ధీమాగా చెప్పారు. ఎంతమందిపై పరీక్షించారని అడిగితే, ఒక్కో పేజీని 200 మందికి చూపారని, పాతదానికి 6, కొత్తదానికి 9 కొనుగోళ్లు వచ్చాయని తేలింది. అంటే తేడా ముగ్గురే. అదే పరీక్షను మరోసారి చేస్తే ఫలితం తారుమారైనా ఆశ్చర్యపోనక్కరలేదు. శాతంతో పాటు అసలు సంఖ్యను కూడా మీరే ముందుగా చెబితే, "శాంపిల్ చిన్నది కాబట్టి పరీక్షను పొడిగించాం" అన్న మాట కూడా మీ జవాబుకు బలమే అవుతుంది.

అపోహ: క్యాంపెయిన్ తర్వాత జరిగిన అమ్మకాలన్నీ క్యాంపెయిన్ వల్ల జరిగినవే.

వాస్తవం: నేను ఎక్కువసేపు ఆగేది ఈ చోటనే. 20,000 మందికి ఆఫర్ ఈమెయిల్ పంపితే 400 మంది, అంటే 2 శాతం మంది కొన్నారనుకుందాం. అదే జాబితా నుంచి ముందుగానే యాదృచ్ఛికంగా పక్కనపెట్టి ఈమెయిల్ పంపని 5,000 మందిలో 90 మంది, అంటే 1.8 శాతం మంది, తమంతట తామే కొన్నారనుకుందాం. అప్పుడు ఈమెయిల్ వల్ల అదనంగా వచ్చినవి 400 కావు, 0.2 శాతం తేడా లెక్కన సుమారు 40 మాత్రమే. ఇలా కొందరిని పక్కనపెట్టే హోల్డౌట్ పద్ధతి గురించి అడగకుండానే చెప్పే అభ్యర్థులు అరుదు. రీటార్గెటింగ్, అంటే ఒకసారి సైట్‌కు వచ్చి వెళ్లినవారికి మళ్లీ చూపే ప్రకటనల విషయంలో ఇది మరీ అవసరం, ఎందుకంటే అవి చాలావరకు కొనే ఉద్దేశం ఉన్నవారికే కనిపిస్తాయి.

అపోహ: డ్యాష్‌బోర్డులో ఉన్న అంకె నిజమే అయి ఉంటుంది.

వాస్తవం: ఈమెయిల్‌లోని చిత్రం లోడైతే దాన్ని తెరిచినట్టు లెక్కిస్తారు. కానీ ఈమెయిల్ తెరిచారో లేదో పంపినవారికి తెలియకుండా చేసే మెయిల్ ప్రైవసీ ప్రొటెక్షన్‌ను యాపిల్ 2021లో తెచ్చాక, ఆ సదుపాయం వాడేవారు ఈమెయిల్‌ను తెరవకపోయినా అందులోని చిత్రాలు ముందే లోడై, తెరిచినట్టే నమోదవుతోంది. "ఓపెన్ రేట్ (ఈమెయిల్ తెరిచినవారి శాతం) బాగా పెరిగింది" అని ఇంకా గొప్పగా చెప్పేవారిని చూస్తే, క్లిక్కులు కూడా పెరిగాయా అని అడగకుండా ఉండలేను.

అపోహ: టూల్స్ పేర్లు ఎన్ని చెబితే అంత మంచిది.

వాస్తవం: టూల్స్ మారుతుంటాయి. వెబ్‌సైట్ సందర్శనలను లెక్కించే గూగుల్ యూనివర్సల్ అనలిటిక్స్ సాధారణ ఖాతాల్లో 2023 జూలై 1న కొత్త డేటా తీసుకోవడం ఆపేసింది. పేర్ల జాబితా రెజ్యూమేలో ఉంటే చాలు.

అపోహ: విఫలమైన క్యాంపెయిన్ ఊసెత్తకూడదు.

వాస్తవం: ఒక అభ్యర్థి తన ప్రకటనకు క్లిక్కులు రెట్టింపైనా దరఖాస్తులు పెరగలేదని, కారణం వెతికితే మొబైల్‌లో ఫారం మధ్యలోనే చాలామంది ఆగిపోతున్నారని తెలిసిందని, అందుకే బడ్జెట్ ఆపి ముందుగా ఫారం సరిచేయించారని చెప్పారు. ఆ ఫారంలో ఎక్కడ ఆగిపోయారని అడిగాను. "ఫోన్ నంబరు దగ్గరండీ, దాన్ని తప్పనిసరి కాకుండా చేశాం" అని తడుముకోకుండా జవాబు వచ్చింది.