పసుపు చుక్కలు

చిన్నితల్లీ,

బాత్‌రూముల్లో నీళ్లు రావడం లేదని స్కూలుకి ఫిర్యాదు రాస్తున్నావట. "చేత్తో రాస్తే దస్తూరీ పట్టేస్తారు. షాపులో కలర్ ప్రింటు తీయిస్తే ఎవరు రాశారో తెలీదు కదా తాతయ్యా?" అని అడిగావు. తెలిసే వీలుందమ్మా.

మా చిన్నప్పుడు బట్టలు ఉతికే మామ ఇంటికో గుర్తు పెట్టేవాడు. నల్లజీడి గింజని సూదితో గుచ్చి, ఆ రసంతో బట్ట అంచున లోపలివైపు వేసేవాడు. మా ఇంటిది రెండు చుక్కలు, ఒక గీత. ఎన్నిసార్లు ఉతికినా పోయేది కాదు. నేనోసారి ఆ రసం చేతికి పూసుకుంటే బొబ్బలెక్కాయి. వారం రోజులు అమ్మ కొబ్బరినూనె రాసింది. నువ్వు మాత్రం ముట్టుకోకు. ఊరి బట్టలన్నీ ఒకే చెరువుగట్టున ఆరినా, ఎవరివి వాళ్లకి చేరేది ఆ గుర్తువల్లే.

చాలా కలర్ లేజర్ ప్రింటర్లు కూడా ఇలాగే గుర్తు వేస్తాయి. ప్రతి కాగితం మీదా సన్నటి పసుపు చుక్కలు చల్లుతాయి. ఒక్కో చుక్క మిల్లీమీటరులో పదో వంతు. తెల్ల కాగితం మీద అంత చిన్న పసుపు చుక్క కంటికి ఆనదు. దొంగనోట్లు అచ్చేసేవాళ్లను పట్టుకోవడానికని మొదలైంది ఇది. 2005లో అమెరికాలో డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ వాళ్లు జిరాక్స్ డాక్యుకలర్ ప్రింటర్ చుక్కల్ని చదవగలిగారు. 15 నిలువు వరసలు, 8 అడ్డ వరసలు. అందులో మిషను సీరియల్ నంబరు, ప్రింటు తీసిన తేదీ, టైము ఉన్నాయి. పేరు లేదు. కానీ ఆ నంబరు మిషను ఏ షాపులో ఉందో తెలిస్తే, ఆ టైముకి ఎవరొచ్చారని అడగడం ఎంతసేపు?

నాకు ఎనిమిదేళ్లప్పుడు మామిడితోటలో దొంగతనంగా కాయలు కోస్తుంటే కాపలాదారు కేకేశాడు. తువ్వాలు వదిలేసి పరుగెత్తాను. ఆయన దాన్ని నేరుగా మామ దగ్గరికి తీసుకెళ్లాడు. మామ అంచు తిప్పి చూశాడు. సాయంత్రానికి కాపలాదారు మా అరుగు మీదున్నాడు! బట్టని ఇంటికి చేర్చడానికి వేసిన గుర్తు నన్ను పట్టించింది. కాయలు కోసింది నేనే కాబట్టి తిన్న దెబ్బలు న్యాయమే. నువ్వేమో నీళ్లు అడుగుతున్నావు. ఆ చుక్కలకి దొంగనోటూ నీ ఫిర్యాదూ ఒకటే.

ఇంకొకటి. మామ ఆ గుర్తు మా అమ్మ కళ్లెదుటే వేసేవాడు. డబ్బు పోసి ప్రింటర్ కొన్నవాళ్లలో చాలామందికి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. నాకు కోపం అక్కడే.

ఫిర్యాదు ఆపకు. స్నేహితులంతా కలిసి సంతకాలు చేసి ఇవ్వండి.

ఈలోపు కలర్ లేజర్ ప్రింటు ఒకటి సంపాదించు. రాత్రి లైట్లు ఆర్పి, కాగితంలో ఖాళీగా ఉన్నచోట నీలం ఎల్‌ఈడీ టార్చి వేసి భూతద్దంతో చూడు. నీలం వెలుగులో పసుపు నల్లగా కనిపిస్తుంది. చుక్కలు దొరికితే ఎన్ని వరసలున్నాయో లెక్కపెట్టి రాయి.

మీ తాతయ్య