వేలు ఊపితే జడుపు పోతదా?

మా బామ్మర్ది డీసీఎం నడుపుతాడు. ఏడాది కింద చిట్యాల దగ్గర, 65వ నంబరు జాతీయ రహదారి మీద, ముందు పోతున్న బైకును లారీ గుద్దడం కళ్లారా చూశాడు. తనకు గీతైనా పడలేదు. కానీ అప్పటినుంచి ఆ చోటు రాగానే చేతులు చల్లబడతాయి, వెనక హారన్ మోగితే ఒళ్లు బిగుసుకుపోతుంది. మా అత్తమ్మ "పోరడు జడుసుకున్నడు" అని తాయెత్తు కట్టించింది. అమాసకు చెర్వుగట్టు గుడికి తీసుకుపోయి రాత్రి అక్కడే పండబెట్టింది. మొన్న అతను నాకొక వీడియో పంపాడు. నల్లటి తెర మీద తెల్లటి చుక్క ఎడమకూ కుడికీ తిరుగుతుంటుంది, అంతే. "బావా, దీన్నే చూసుకుంట కూసుంటే భయం పోతదంట, నిజమేనా?"

ఆ చుక్క కథ 1987లో కాలిఫోర్నియాలోని ఒక పార్కులో మొదలైంది. ఫ్రాన్సిన్ షపీరో అనే సైకాలజీ విద్యార్థిని నడుస్తూ ఉంటే, మనసును తొలుస్తున్న ఆలోచనలు వాటంతటవే పలచబడ్డాయట. ఆ సమయంలో తన కళ్లు అటూ ఇటూ వేగంగా కదిలాయని ఆమె గమనించింది. వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన సైనికుల బాధకు అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 'పీటీఎస్‌డీ' (ఘోరమైన ఘటన తర్వాత వదలని జడుపు) అని పేరు పెట్టింది 1980లో. అంటే జబ్బుకు పేరొచ్చి ఏడేళ్లే, మందు కోసం అందరూ వెతుకుతున్న కాలం. 1989లో షపీరో 22 మందిపై చేసిన అధ్యయనం అచ్చయింది. ఒక్క సిట్టింగ్‌లోనే గుణం కనిపించిందని ఆమె చెప్పింది. చికిత్స చేసిందీ ఆమే, ఫలితం కొలిచిందీ ఆమే. సందేహం పుట్టడానికి అది చాలదా?

తర్వాత ఆ పద్ధతి పెరిగి, ఎనిమిది దశల ఈఎండీఆర్ అయింది, అంటే కళ్లు కదుపుతూ చేదు జ్ఞాపకం పదును తగ్గించే చికిత్స. లోపల జరిగేది ఇది. థెరపిస్టు కాస్త పక్కకు కూర్చుని, మన ముఖానికి ఎదురుగా రెండు వేళ్లు అటూ ఇటూ ఆడిస్తారు. మనం ఆ ఘటనలో అన్నిటికన్నా ఘోరమైన దృశ్యాన్ని మనసులో పెట్టుకుని, తల తిప్పకుండా కళ్లతో వేళ్లను వెంబడించాలి. పాతిక సార్లు తిరిగాక ఆపి, "ఇప్పుడేం వచ్చింది?" అని అడుగుతారు. బాధ సున్నా నుంచి పది దాకా ఎంతుందో నంబరు చెప్పాలి. మళ్లీ వేళ్లు. ఆ నంబరు దిగేదాకా ఇదే.

అసలు గొడవ వేళ్ల దగ్గరే వచ్చింది. 1996లో వియత్నాం యుద్ధం చేసొచ్చిన అమెరికా సైనికుల మీద ఒక పరీక్ష చేశారు. కొందరు కళ్లు కదిపారు, కొందరు ఒకచోటే నిలిపారు. నిలిపినవాళ్లు ఏమాత్రం వెనకబడలేదు. 2001లో అధ్యయనాలన్నీ కలిపి లెక్క తీసినవాళ్లు కంటి కదలిక వల్ల అదనంగా ఒరిగిందేమీ లేదన్నారు. రిచర్డ్ మెక్‌నాలీ అనే హార్వర్డ్ ప్రొఫెసర్ ఇంకా కటువుగా మాట్లాడాడు. ఇందులో పనిచేసేది కొత్తది కాదు, కొత్తది పనిచేసేది కాదు అన్నాడు. ఆయన దృష్టిలో పనిచేసేది పాతదే: భయాన్ని సురక్షితమైన చోట మళ్లీ మళ్లీ ఎదుర్కోవడం. అయితే 2013లో మరో లెక్క వచ్చి, కదలికకూ కొంత పాలుందని తేల్చింది.

నాకు ఒప్పించేలా అనిపించిన వివరణ ఇంకో చోటినుంచి వచ్చింది. మన తలలో అప్పటికప్పటి పని చేసుకునే జాగా చాలా ఇరుకు. ఘోరమైన దృశ్యాన్ని తలచుకుంటూనే కళ్లను పరుగెత్తిస్తే, రెండింటికీ చోటు చాలదు, దృశ్యం మసకబారుతుంది. ఆ మసక రూపంలోనే అది మళ్లీ జ్ఞాపకంలోకి చేరుతుంది. 1997 నుంచి ప్రయోగశాలల్లో దీన్ని చూస్తూనే ఉన్నారు. కళ్లే కానక్కర్లేదు, మనసులో కష్టమైన లెక్కలు చేయించినా దృశ్యం పలచబడుతుంది. పదమూడో ఎక్కం వెనకనుంచి అప్పజెప్పమంటే మనకు వేరే ఆలోచన ఉంటుందా!

ఎలా పనిచేస్తుందన్నది తేలకముందే, పనిచేస్తుందన్న మాట మాత్రం నిలబడింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో పీటీఎస్‌డీకి ఈఎండీఆర్‌నూ, ఘటన మీదే దృష్టి పెట్టే సీబీటీనీ (ఆలోచనల తీరును, నడవడికను మార్చే మాటల చికిత్స) పక్కపక్కన సిఫారసు చేసింది. ఒకటి మరొకదానికన్నా గొప్పదని అనలేదు. మామూలు ఆందోళన, పానిక్ అటాక్‌ల విషయంలో ఈఎండీఆర్‌కు ఇంత బలమైన ఆధారం లేదు. ఈ తేడా చెప్పకుండానే చాలామంది అమ్ముతున్నారు.

చెట్టు పెరిగాక కొమ్మలు రావా? 2003లో డేవిడ్ గ్రాండ్ అనే థెరపిస్టు ఒక ఫిగర్ స్కేటర్‌కు ఇదే చికిత్స చేస్తుంటే, ఆమె చూపు ఒకచోట తడబడింది. ఆయన చెయ్యి అక్కడే ఆపాడు. అదే బ్రెయిన్‌స్పాటింగ్. ఇందులో కన్ను కదలదు, ఒక బిందువు మీద నిలుస్తుంది. దీన్ని ఈఎండీఆర్‌తో పోల్చిన 2017 అధ్యయనం రెండూ మేలు చేశాయంది గానీ, రాసినవాళ్లలో గ్రాండ్ కూడా ఉన్నాడు. 2008లో లేనీ రోజెన్‌వైగ్ అనే థెరపిస్టు తెచ్చిన ఏఆర్‌టీ (యాక్సిలరేటెడ్ రిజల్యూషన్ థెరపీ)లో కళ్లు కదులుతాయి, జరిగింది నోరు విప్పి చెప్పనక్కర్లేదు, చెడ్డ దృశ్యం స్థానంలో తనకు నచ్చినది పెట్టుకోవచ్చు. అయిదు సిట్టింగ్‌లలోపే అయిపోతుందంటారు. 2013లో 57 మంది సైనికులపై చేసిన పరీక్షలో మంచి ఫలితమే వచ్చింది. కానీ పోల్చింది దేనితో? ఫిట్‌నెస్ గురించో ఉద్యోగం గురించో సలహా ఇచ్చిన గుంపుతో. ఈఎంఐ (ఐ మూవ్‌మెంట్ ఇంటిగ్రేషన్) అని కళ్లు కదిపే పద్ధతే ఇంకోటుంది, దానికి చెప్పుకోదగ్గ పరీక్షలే తక్కువ.

మన దగ్గర ఈ చర్చ ఇంకా గడప దాటలేదు. 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బస్సు తగలబడి 45 మంది పోయారు. 2025 ఫిబ్రవరిలో దోమలపెంట దగ్గర ఎస్‌ఎల్‌బీసీ సొరంగం కూలి ఎనిమిది మంది లోపలే చిక్కుకుపోయారు. నష్టపరిహారం లెక్కలు పేపర్లో చదివాం. బతికి బయటపడ్డవాళ్ల రాత్రుల గురించి చదివిన గుర్తు మాత్రం నాకు లేదు. జడుపు అనే మాట మనకు తాతల నాటి నుంచీ ఉంది, దానికి వైద్యం కూడా ఉంటుందన్న నమ్మకమే ఇంకా పూర్తిగా కుదరలేదు.

బామ్మర్దికి ఆ వీడియో బంద్ చేయమని చెప్పాను. ఒంటరిగా కూర్చుని ఆ యాక్సిడెంటును పైకి లాగితే, దాన్ని మళ్లీ సర్దిపెట్టే మనిషి పక్కన ఉండడు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయించి, తర్వాత జిల్లా కేంద్రంలో మానసిక వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాను. మొదటి రెండు సార్లూ నిద్ర, తిండి, తాగుడు, ఇంట్లో పరిస్థితి, గుండె దడ వస్తే ఊపిరి ఎలా నింపాదిగా తీసుకోవాలి, ఇవే. బయటికొచ్చి మెట్ల మీద చెప్పులు తొడుక్కుంటూ అన్నాడు: "అంత బాగనే ఉంది గానీ బావా, ఏలెప్పుడు ఊపుతరు?"