ఫ్రీసెల్ నేర్చుకునేవాళ్లకు: అపోహలు - వాస్తవాలు

మన తిరుపతి, చిత్తూరు వైపు పేక కట్ట తీశారంటే రమ్మీకే అని లెక్క. ఒక్కరే కూర్చుని ముక్కలు పరుచుకుంటే "ఏందబ్బా, జత ఎవురూ దొరకలేదా?" అని అడిగిపోతారు. ఫ్రీసెల్ అలా ఒక్కరే ఆడే పేకాట. దాని గురించి వినబడే మాటల్లో సగం రమ్మీ నుంచి, మిగతా సగం కంప్యూటర్‌లో ఉండే పాత సాలిటైర్ నుంచి వచ్చినవే. రెండూ ఈ ఆటకు అతకవు.

ముందు ఆట రూపం. జోకర్లు తీసేసిన 52 ముక్కలు, ఎనిమిది నిలువు వరుసలు, ఒక్క ముక్క కూడా బోర్లా ఉండదు. మొదటి నాలుగు వరుసల్లో ఏడేసి, తక్కిన నాలుగింటిలో ఆరేసి ముక్కలు. పైన ఒక పక్క నాలుగు సెల్‌లు, ఒక్కోదానిలో ఒక్క ముక్కే పడుతుంది. ఇంకో పక్క నాలుగు హోమ్‌లు. అక్కడ ఆసుతో మొదలుపెట్టి రాజు దాకా ఏ జాతికి ఆ జాతి పేర్చాలి. వరుసల్లో మాత్రం దిగుడు లెక్క: ఎర్ర తొమ్మిది మీద నల్ల ఎనిమిది, దాని మీద ఎర్ర ఏడు. కదిలేది కొస ముక్క ఒక్కటే.

అపోహ: ముక్కలు బాగా పడితేనే గెలుస్తాం.

మామూలు సాలిటైర్‌కు, అంటే క్లాండైక్‌కు, ఈ మాట కొంత వర్తిస్తుంది. అందులో 28 ముక్కలు పరిస్తే 21 బోర్లా ఉంటాయి, ఇంకో 24 కట్టలో ఉంటాయి. ఫ్రీసెల్‌లో దాచింది ఏదీ లేదు. మైక్రోసాఫ్ట్ వాళ్ల పాత ఫ్రీసెల్‌లో 1 నుంచి 32,000 దాకా నంబరు వేసిన పంపకాలుండేవి. 1994-95లో ఇంటర్నెట్‌లో ఆటగాళ్లు వాటిని పంచుకుని ఆడారు. చివరికి ఎవరికీ లొంగకుండా మిగిలింది 11982 ఒక్కటే. దానికి దారి లేదని తర్వాత కంప్యూటర్ ప్రోగ్రాములూ తేల్చాయి. పంపకాలను పది లక్షలకు పెంచాక కూడా గెలవలేనివి మొత్తం ఎనిమిదే. కాబట్టి ఓడినప్పుడు ముక్కల్ని తిట్టుకోకుండా అదే నంబరు మళ్లీ తెరవండి. (మైనస్ 1, మైనస్ 2 అని కొడితే వచ్చే ఆటలు మాత్రం కావాలనే గెలవలేకుండా పేర్చినవి, వాటి జోలికి పోవద్దు.)

అపోహ: ఇది విండోస్ వాళ్లు కనిపెట్టిన ఆట.

కాదు. 1978లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయపు ప్లేటో కంప్యూటర్ వ్యవస్థ మీద పాల్ ఆల్ఫిల్ రాశాడు. అంతకుముందే ఉన్న బేకర్స్ గేమ్‌లో ఒకే జాతి మీద ఒకే జాతి దిగాలి. ఆయన దాన్ని ఎరుపు, నలుపుల వంతుగా మార్చాడు. విండోస్ 95తో ఇది ఇంటింటికీ చేరింది.

అపోహ: సెల్‌లు నాలుగూ వాడుకోవడానికే ఉన్నాయి.

కొత్తవాళ్లు ఎక్కువగా ఓడేది ఇక్కడే. మొదటి పది ఎత్తుల్లోనే నాలుగు సెల్‌లూ నింపేస్తారు, ఆ తర్వాత ఒక్క ముక్క కదపాలన్నా చోటుండదు. సెల్‌లో పెట్టిన ముక్క చేబదులు లాంటిది, ఎలా తీర్చాలో చూసుకున్నాకే తీసుకోవాలి.

లెక్క ఇది. కదిలేది ఒక్కో ముక్కే అయినా, ఖాళీ చోట్ల సాయంతో దిగుడుగా ఉన్న ముక్కల్ని కలిపి ఇంకో వరుసకు చేర్చొచ్చు. అలా ఒకేసారి కదపగల ముక్కలు ఎన్నంటే, ఖాళీ సెల్‌లకు ఒకటి కలపండి, ఖాళీ వరుస ఒకటుంటే దాన్ని రెట్టింపు చేయండి, రెండుంటే మళ్లీ రెట్టింపు. నాలుగు సెల్‌లూ ఖాళీగా ఉంటే ఐదు ముక్కలు. రెండే ఖాళీ అయితే మూడు. రెండు సెల్‌లతో పాటు ఒక ఖాళీ వరుస కూడా ఉంటే ఆరు. అయితే చేర్చే చోటే ఆ ఖాళీ వరుస అయితే దాన్ని లెక్కలోకి తీసుకోకూడదు, అప్పుడు మళ్లీ మూడే.

ఆరు ఎలా వస్తాయో చేత్తో ఒకసారి చేసి చూడండి. ఇస్పేటు 9, ఆటీను 8, కళావరు 7, డైమను 6, ఇస్పేటు 5, ఆటీను 4 ఒక వరుసలో దిగి ఉన్నాయి. వీటిని డైమను 10 మీదికి చేర్చాలి. ముందు 4, 5 చెరో సెల్‌లోకి. 6 ఖాళీ వరుసలోకి. దాని మీదికి 5, ఆపైన 4. సెల్‌లు మళ్లీ ఖాళీ అయ్యాయి. ఇప్పుడు 7, 8 సెల్‌లలోకి, 9 వెళ్లి 10 మీద కూర్చుంటుంది, వెనకే 8, 7. ఇక 4, 5 సెల్‌లలోకి, 6 వెళ్లి 7 మీదికి, తర్వాత 5, 4. మొత్తం పదిహేను ఎత్తులు. ఫోన్ దీన్ని ఒక్క లాగుడుతో చేసేస్తుంది కాబట్టి లోపల జరిగేది మనకు కనబడదు. "ఇంతకుముందు కదిలింది, ఇప్పుడెందుకు కదలదు?" అనే అనుమానం ఇందుకే వస్తుంది.

అపోహ: ఖాళీ వరుసలో రాజునే పెట్టాలి.

అది క్లాండైక్ నియమం. ఇక్కడ ఏ ముక్కైనా పెట్టొచ్చు, అసలేదీ పెట్టకుండా వదిలేయడం చాలాసార్లు ఇంకా మంచిది. రాజును దించాక ఆ వరుస మళ్లీ ఖాళీ కావడం దాదాపు ఆట చివరిలోనే. ఎదురు రంగు రాణి, దాని వెనక జాకీ వెంటనే వచ్చి చేరే వీలుంటే దించండి. రాజు సెల్‌లో ఇరుక్కుని ఉంటే కూడా దించడం నయం, ఎందుకంటే రాజు కూర్చోవడానికి ఏ వరుసలోనూ ఇంకో ముక్క దొరకదు. పంపకంలోనే వరుస అడుగున, అంటే మొట్టమొదటి ముక్కగా, రాజు పడితే అది వరం, దాన్ని కదపనక్కర్లేదు. వరుస నడుమ ఇరుక్కున్న రాజే తలనొప్పి. ముందుగా ఖాళీ చేయడానికి ఏ వరుస ఎంచుకోవాలంటే, ఆరు ముక్కలది, నడుమ రాజు లేనిది, చిన్న ముక్కలు ఎక్కువ ఉన్నది.

అపోహ: హోమ్‌కు పోగల ముక్కను వెంటనే పంపేయాలి.

ఆసు, రెండు పంపేయండి, నష్టం లేదు. ఆపైన ఆగి చూడాలి. ఎర్ర ఐదు వరుసలో ఉంటే దాని మీద కూర్చోగలవి నల్ల నాలుగులు రెండే. ఆ రెండూ హోమ్‌కు చేరి ఉంటే ఎర్ర ఐదుతో వరుసలో పని లేదు, పంపొచ్చు. ఒక్క నల్ల నాలుగు ఇంకా కిందే ఉందంటే దానికి ఆ ఐదు అవసరం పడొచ్చు. కొన్ని యాప్‌లు అడక్కుండానే ముక్కల్ని పైకి పంపేస్తాయి. సెట్టింగుల్లో దాన్ని ఆపేసి నేర్చుకోవడమే మా సలహా.

అపోహ: చకచకా ఆడేవాడే ఆటగాడు.

మొదటి ఎత్తుకు ముందు రెండు నిమిషాలు చూపు ఒక్కటే పనిచేయాలి. నాలుగు ఆసులు, నాలుగు రెండులు ఎక్కడున్నాయి? ఒక్కోదాని మీద ఎన్ని ముక్కలున్నాయి? వాటిలో ఎన్నింటికి వరుసల్లోనే చోటుంది, ఎన్ని సెల్‌లోకి పోక తప్పదు? ఈ చివరి సంఖ్య మూడు దాటితే ఇంకో దారి వెతకండి. అన్‌డూ, అంటే వేసిన ఎత్తును వెనక్కి తీసుకునే మీట, వాడటం తప్పు కాదు, నేర్చుకునే రోజుల్లో అదే గురువు.

అపోహ: పేక ముట్టుకుంటే జూదమే.

పందెం కాయడానికి ఇక్కడ ఎదుటి మనిషే లేడు. 1974 నాటి రాష్ట్ర గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ పందేల ఆటలను నిషేధించారు. డబ్బు లేకుండా ఒక్కరే ఆడుకునే ఫ్రీసెల్ ఆ కోవలోకి రాదు. ఆడుతుండగా డబ్బు పెట్టమని ప్రకటన వస్తే మాత్రం మూసేయండి. ఇక తిరుమల కొండ మీద పేకాటే నిషేధం, అక్కడ కట్ట బయటికి తీయొద్దు.

అపోహ: ఇది కంప్యూటర్‌లో తప్ప కుదరదు.

చాప మీద భేషుగ్గా కుదురుతుంది. రెండున్నర అడుగుల వెడల్పు చాలు, వరుసలు కిందికి పెరుగుతాయి కాబట్టి పొడవు ఇంకొంచెం ఎక్కువ ఉంచుకోండి. ఎడమ నుంచి కుడికి ఎనిమిదేసి ముక్కల చొప్పున ఆరు చుట్లు పంచండి, మిగిలిన నాలుగు మొదటి నాలుగు వరుసలకు. మే నెల మధ్యాహ్నం ఫ్యాను వేయక తప్పదు, వేస్తే ముక్కలు లేస్తాయి. దానికి మా దగ్గరా మందు లేదు. ఇంకో చిక్కు: గెలిచిన ఆట తర్వాత కట్ట ఆసు నుంచి రాజు దాకా వరుసగా ఉంటుంది. గుప్పెడు గుప్పెడుగా రెండు మూడుసార్లు జారవిడిచి కలిపితే ఒకే జాతి ముక్కలు పక్కపక్కనే ఉండిపోతాయి. కట్టను రెండు సగాలు చేసి ఒకదాంట్లో ఒకటి జొనిపి ఏడుసార్లు కలపండి.

అపోహ: ఒంటరి ఆట కదా, ఇంకొకరి దగ్గర నేర్చుకోలేం.

తిరుపతిలో ఒకరు, చిత్తూరులో ఒకరు ఒకే నంబరు తెరిస్తే ఒకే పంపకం వస్తుంది. రెండు యాప్‌లూ పాత మైక్రోసాఫ్ట్ నంబర్లనే వాడుతున్నాయో లేదో మొదటి వరుస ఏడు ముక్కలు చదివి సరిచూసుకోండి. ఎత్తులు రాసుకోవడానికి వరుసలకు 1 నుంచి 8, సెల్‌లకు ఎ, బి, సి, డి, హోమ్‌కు హెచ్. "26" అంటే రెండో వరుస కొస ముక్క ఆరో వరుసకు, "3ఎ" అంటే మూడో వరుసది మొదటి సెల్‌లోకి, "5హెచ్" అంటే ఐదో వరుసది హోమ్‌కు. ఆట మొత్తం ఒక్క వాట్సాప్ సందేశంలో పడుతుంది. ఎదుటివాళ్లు అదే నంబరు మీద వేసి చూసి, మీరు ఏ ఎత్తు దగ్గర సెల్ వృథా చేశారో చెప్పగలరు.