అడిగితే చేస్తారు, అడగకపోతే కదలరు

అల్జీమర్స్ అనగానే అందరికీ గుర్తొచ్చేది మతిమరుపు. కానీ ఆ జబ్బు ఉన్నవాళ్లను ఇంట్లో చూసుకుంటున్న వాళ్లను అడిగి చూడండి. పేర్లు మరచిపోవడం గురించి రెండు మాటలు చెప్పి, ఇంకో సంగతికి వచ్చేస్తారు. "ఊరికే అలా కూర్చుంటారండీ. టీవీ పెడితే చూస్తారు, కట్టేస్తే గోడ వైపు చూస్తారు. ఫలానాది కావాలని అడగరు, వద్దనీ అనరు."

వైద్యులు దీన్ని అపతీ అంటారు. అల్జీమర్స్ ఉన్నవాళ్లలో దాదాపు సగం మందికి ఇది ఉంటుంది. అంత మామూలు లక్షణమైనా డాక్టర్ దగ్గర దీని ప్రస్తావన వచ్చేది తక్కువే. రాత్రిళ్లు తలుపు తీసుకుని బయటికి వెళ్లిపోయే మనిషి ఇంటిల్లిపాదికీ నిద్ర లేకుండా చేస్తారు కాబట్టి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్తారు. కుర్చీలోంచి లేవని మనిషితో ఎవరికీ అంత టెన్షన్ ఉండదు. పైగా "బద్ధకం", "మొండితనం", "వయసు మీద పడింది" లాంటి మాటలు ఎలాగూ సిద్ధంగా ఉంటాయి.

మరి కొందరు దీన్ని డిప్రెషన్ అనుకుంటారు. రెండూ కలిసి ఉండొచ్చు గానీ రెండూ ఒకటి కావు. డిప్రెషన్‌లో ఉన్న మనిషిని దిగులు, అపరాధ భావం, ఇక బతికి ఏం లాభమన్న ఆలోచన తినేస్తుంటాయి. అపతీలో అలాంటి బాధేమీ కనిపించదు. మంచి వార్త చెప్పినా, చెడ్డ వార్త చెప్పినా స్పందన పలచగానే ఉంటుంది. ఈ తేడా మందుల దగ్గర ముఖ్యమవుతుంది. డిప్రెషన్‌కు ఇచ్చే సాధారణ మందులు అపతీని పెద్దగా తగ్గించవు, వాటిలో కొన్ని పెంచనూవచ్చు.

ఒక పనికి పూనుకునే ముందు మెదడు, మనకు తెలియకుండానే, ఒక లెక్క వేస్తుంది. దీనివల్ల నాకు వచ్చేదేమిటి? దానికి ఎంత శ్రమ పడాలి? వచ్చేది ఎక్కువనిపిస్తే లేస్తాం, లేకపోతే లేదు. ఫలితం విలువను అంచనా వేయడంలో కళ్ల పైభాగాన, నుదుటి వెనకాల ఉండే ఆర్బిటోఫ్రంటల్ కార్టెక్స్‌ది ముఖ్య పాత్ర. మెదడు రెండు అర్ధభాగాల మధ్య, ముందు వైపున ఉండే ఆంటీరియర్ సింగులేట్ కార్టెక్స్ ఆ విలువను శ్రమతో బేరీజు వేస్తుంది. లోపల లోతుగా ఉండే వెంట్రల్ స్ట్రయేటం ఈ రెండింటితోనూ కలిసి పనిచేస్తుంది. దానికి డోపమైన్ అనే రసాయనాన్ని అందించే నాడీకణాలు మెదడు కాండంలో ఉంటాయి.

డోపమైన్‌ను ఆనందపు రసాయనం అని రాయడం అలవాటైపోయింది. అసలు సంగతి అంత సులువుగా లేదు. 1990లలో అమెరికాలో జాన్ సలమోన్ బృందం ఎలుకల మీద ఒక ప్రయోగం చేసింది. ఒక దారిలో ఎక్కువ తిండి ఉంటుంది, కానీ మధ్యలో ఒక అడ్డు ఎక్కి దిగాలి. రెండో దారిలో తిండి తక్కువ, అడ్డు లేదు. మామూలు ఎలుకలు అడ్డు ఎక్కి ఎక్కువ తిండి తిన్నాయి. స్ట్రయేటంలో ఒక భాగమైన న్యూక్లియస్ అకంబెన్స్‌లో డోపమైన్ తగ్గించిన ఎలుకలు సులువు దారి పట్టాయి. ఆ సులువు దారిలో తిండి అసలు పెట్టకపోతే అవి కూడా అడ్డు ఎక్కాయి! అంటే వాటికి ఆకలి పోలేదు, కాళ్లలో సత్తువా పోలేదు. కష్టపడటానికి సరిపడా కారణం మాత్రం కనబడలేదు.

మనుషుల్లోనూ దాదాపు ఇదే తేలింది. ఆక్స్‌ఫర్డ్‌లో మసూద్ హుసేన్ బృందం పార్కిన్సన్స్ ఉన్నవాళ్లతో పిడికిలి బిగించి బహుమతి గెలుచుకునే పరీక్ష చేసింది. ఇంత గట్టిగా పట్టుకుంటే ఇంత వస్తుంది, ఒప్పుకుంటారా లేదా? అపతీ ఉన్నవాళ్లు ముఖ్యంగా కాదన్నది చిన్న బహుమతులను.

నా దృష్టిలో ఇంటివాళ్లకు అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చే సంగతి ఇదే. రోజంతా మనం చేసే పనుల్లో చాలావరకు చిన్న బహుమతులవే. స్నానం చేయడం, పేపర్ తిరగేయడం, స్నేహితుడికి ఫోన్ చేయడం ఏమంత పెద్ద లాభమని? ఆరోగ్యంగా ఉన్న మెదడుకు ఆ కాస్త చాలు. అపతీలో అది చాలదు. కానీ దూరాన ఉన్న మనవరాలు వచ్చిందంటే అదే మనిషి లేచి గుమ్మం దాకా నడుస్తారు. అది చూసి ఇంట్లోవాళ్లు "చేయాలనుకుంటే చేయగలరు, కావాలనే చేయరు" అనేస్తారు. చేయగలరన్నది నిజమే. చేయాలనిపించడమే మెదడు చేసే పని. దెబ్బతిన్నది అక్కడే.

సింగులేట్ దెబ్బ తీవ్రమైతే పరిస్థితి ఎంతదాకా పోతుందో పక్షవాతం కేసులు చూపించాయి. మెలకువగా ఉంటారు, చూపు కదులుతుంటుంది, కానీ మాట్లాడరు, తమంతట తాము కదలరు. నాడీ శాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో 1980లలో వివరించిన ఒక రోగి తర్వాత కోలుకుని, అప్పట్లో తనకు చెప్పాలనిపించినదేమీ లేకపోయిందని చెప్పింది. దీనికి తిరగేసిన ఉదాహరణ 2013లో దొరికింది. మూర్ఛ వ్యాధి చికిత్స కోసం మెదడులో ఎలక్ట్రోడ్లు పెట్టిన ఇద్దరికి స్టాన్‌ఫర్డ్ వైద్యులు సింగులేట్‌లో ఒకచోట స్వల్ప విద్యుత్తు ఇచ్చారు. ఏదో గడ్డు పరిస్థితి ఎదురవబోతోందని, దాన్ని దాటి తీరాలన్న పట్టుదల పుట్టిందని ఇద్దరూ చెప్పారు.

జ్ఞాపకాన్ని, ఆలోచనను దెబ్బతీసే జబ్బులను డిమెన్షియాలంటారు, అల్జీమర్స్ వాటిలో ఒకటి. అవన్నీ పైన చెప్పిన మెదడు భాగాల వలయాన్ని ఒకే చోట తెంచవు. అల్జీమర్స్‌లో టౌ ప్రొటీన్ చిక్కుముళ్లు జ్ఞాపకాలకు సంబంధించిన భాగాల్లో మొదలై క్రమంగా సింగులేట్ దాకా పాకుతాయి. రక్తనాళాలు దెబ్బతిని వచ్చే రకంలో కేంద్రాలు బాగానే ఉండి, వాటిని కలిపే తీగల్లాంటి తెల్ల పదార్థం పాడవుతుంది. పార్కిన్సన్స్, లూయీ బాడీ రకాల్లో డోపమైన్ సరఫరా తగ్గుతుంది. ఫ్రాంటోటెంపొరల్ డిమెన్షియాలో నష్టం మెదడు ముందు భాగంలోనే మొదలవుతుంది కాబట్టి చాలామందిలో మతిమరుపు కంటే ముందే అపతీ కనిపిస్తుంది. ఈ జబ్బు తెచ్చే జన్యులోపం ఉండి ఇంకా లక్షణాలు బయటపడని వాళ్లను కేంబ్రిడ్జ్ పరిశోధకులు కొన్నేళ్లపాటు గమనించారు. అపతీ ఎక్కువగా ఉన్నవాళ్లలో ఆలోచనా శక్తి తర్వాత్తర్వాత వేగంగా తగ్గిందని 2020లో తెలిపారు.

మందుల విషయానికొస్తే, పిల్లల్లో ఏకాగ్రత లోపానికి వాడే మిథైల్‌ఫెనిడేట్‌ను అల్జీమర్స్ ఉన్న 200 మందిపై పరీక్షించారు. 6 నెలల్లో అపతీ కొంత తగ్గిందని 2021లో ఫలితాలు వచ్చాయి. లాభం పెద్దదేమీ కాదు. వృద్ధుల్లో బరువు, గుండె, బీపీ చూసుకుంటూ డాక్టరే నిర్ణయించాల్సిన మందు ఇది.

ఇంట్లో చేయగలిగింది ఇంకా ఉంది. బ్యాటరీ దిగిపోయిన బండి సెల్ఫ్ కొట్టకపోయినా, ఎవరైనా తోస్తే కదులుతుంది. "ఏం చేద్దాం?" అని అడిగితే ఆలోచించి, ఎంచుకుని, మొదలుపెట్టే భారమంతా రోగి మీదే పడుతుంది. "ఈ తువ్వాలు ఆ కొస పట్టుకోండి, మడత పెడదాం" అంటే మొదలుపెట్టడం మనమే చేసేసినట్టు. పనిని ముక్కలు చేసి, రోజూ అదే వేళకు, పక్కనే ఉండి మొదలుపెట్టించాలి. పాత అభిరుచులతో ముడిపడిన పనులైతే ఇంకా మంచిది.

ఫ్రాంటోటెంపొరల్ రకంలో మాత్రం ఇంత ఆశ పెట్టుకోకూడదు. ఆ రోగుల్లో ఆనందాన్ని అనుభవించే శక్తే తగ్గుతోందని, అల్జీమర్స్‌లో అది అంతగా కనిపించలేదని సిడ్నీ పరిశోధకులు 2021లో చూపించారు. అందుకే తోసినా బండి కదలనప్పుడు తోయడం సరిగా రాలేదేమోనని చూసుకునేవాళ్లు కుమిలిపోనక్కర్లేదు. జబ్బు ఏ రకమో డాక్టర్ని అడిగి తెలుసుకుంటే, ఎక్కడిదాకా ప్రయత్నించాలో, ఎక్కడ ఆపాలో కాస్త తెలుస్తుంది.